ఏడో భాగంలో నిశ్శబ్దం

ముప్పై మూడేళ్లు కోర్టులో కూర్చుని ఎవరెవరి మాటలో రాసుకున్న స్టెనోగారిని, రిటైరయిన రెండో ఏట, మీ అభిప్రాయం ఏమిటని అడిగారు.

అడిగింది ప్రేక్షకుల ఫిర్యాదుల మండలి. టీవీలో వచ్చే కార్యక్రమాల మీద జనం పంపే ఫిర్యాదులు చదివి, అందులో పస ఉందో లేదో తేల్చే చిన్న సంస్థ అది. ముగ్గురు సభ్యులుంటారు. ఒకరు బాగా చదువుకున్నవారు, ఒకరు చట్టం తెలిసినవారు, ఒకరు మామూలు ప్రేక్షకులు అయి ఉండాలని నియమం. మామూలు ప్రేక్షకురాలి స్థానానికి ఆమెను సూచించింది ఒకప్పుడు ఆమె పనిచేసిన కోర్టు జడ్జిగారు. "ఆవిడ అన్నేళ్లూ విన్నారు తప్ప ఏనాడూ ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషి మళ్లీ దొరకరు" అని ఉత్తరంలో రాశారట.

ఆ సంగతి తెలిసి స్టెనోగారు మురిసిపోలేదు, గాభరా పడ్డారు. ఎవరు ఎక్కడ మాట మింగారో, ఎవరు ఎవరికి అడ్డొచ్చారో చెప్పమంటే ఆమె నిద్రలో కూడా చెప్పగలరు. ఎవరిది న్యాయమో చెప్పమంటే మాత్రం నోరు తడారిపోతుంది.

"వెళ్లిరా" అన్నారు ఆమె భర్త. ఆయన పోలీసు శాఖలో హెడ్‌కానిస్టేబులుగా రిటైరయ్యారు. వీధిలో అందరికీ ఆయన హెడ్డుగారే. "ఇంట్లో నా తప్పులు పట్టీ పట్టీ అలిసిపోయావు. కాస్త ఊళ్లోవాళ్లవి పట్టు."

మండలి కార్యాలయం ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గాని దాని తలుపుకు తాళం వేసి ఉంది, ఆ తాళం కూడా తుప్పు పట్టిపోయింది. లోపల పొడవాటి బల్ల, బల్ల మీద అద్దం, అద్దం కింద ఏనాటివో సెలవుల జాబితాలు. అధ్యక్షులు ప్రిన్సిపాలుగారు కాలేజీ నుంచి రిటైరై చాలా కాలమయినా, ఎదుటివాళ్లను ఇంకా మొదటి బెంచీలో కూర్చున్న పిల్లల్లాగే చూస్తారు. రెండో సభ్యురాలు లాయరమ్మ. వయసు నలభై దాటదు. మాట చురుకు, చెప్పులు కూడా చురుకే, మెట్లెక్కి వస్తుంటే కిందినుంచే వినిపిస్తాయి.

విచారణ 'ఆరో నంబరు స్టేషన్' అనే నేరపరిశోధన సీరియల్ నాలుగో సీజన్ మీద. మొదటి మూడు సీజన్లూ పిల్లా పెద్దా అందరూ విరగబడి చూశారు. నాలుగో దానితో గొడవ మొదలైంది. రేవులో ఒక గోదాము తగలబడి కాపలావాడు చనిపోతాడు. గోడలకు రంగులు వేసుకునే పనివాడొకడు నేను చేశానని ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలు తన కిందనున్న అధికారి కొట్టి చెప్పించిందని కథానాయకుడైన ఇన్‌స్పెక్టరుకు తర్వాత తెలుస్తుంది. ఇదీ కథ.

దాని మీద రెండు ఫిర్యాదులు వచ్చాయి. మొదటిది రిటైరయిన పోలీసుల సంఘం పంపింది. పోలీసులను రాక్షసుల్లా, కూలివాళ్లను దేవతల్లా చూపించి ఒక పక్షం రాజకీయాన్ని ఇంటింటికీ ఎక్కిస్తున్నారని అందులో ఉంది. రెండోది రేవు కార్మికుల సంఘానిది. ఎన్ని అన్యాయాలు చూపించినా చివరికి మంచి పోలీసొకడు వచ్చి అందరినీ గట్టెక్కించాడు గనక ఇది ఒట్టి పోలీసు భజన అని వాళ్ల బాధ.

వీళ్లిద్దరూ చూసింది ఒకే సీరియలేనా అని స్టెనోగారికి సందేహం వచ్చింది.

ప్రిన్సిపాలుగారు ముగ్గురికీ తలా ఒక ఫారం, సీరియల్ భాగాలున్న పెన్‌డ్రైవు పంచారు. ఫారంలో ఒక్కో వరసకు నాలుగు గడులున్నాయి. ఎన్నో భాగం, ఎన్నో నిమిషం, సందేశం ఏమిటి, అది ఎవరికి అనుకూలం. "రెండు వారాల్లో పది భాగాలూ చూసి నింపండి. ఈలోగా బయటివాళ్లతో చర్చించకూడదు."

"సార్, మా ఇంట్లో ఒకటే టీవీ. మా ఆయన కూడా చూస్తారు" అన్నారు స్టెనోగారు.

"చూడనివ్వండి. ఆయన మాటలు మీరు వినకండి."

"అది ఇన్నేళ్లలో నా వల్ల కాలేదు సార్" అన్నారామె. లాయరమ్మ ఫక్కున నవ్వింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రోజుకు ఒకటో రెండో భాగాలు చూడాలని ఏర్పాటు. హెడ్డుగారు ఈ సీరియల్‌కు మొదటినుంచీ వీరాభిమాని. కుర్చీ ముందుకు లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని, పరీక్షకు కూర్చున్నట్టు కూర్చునేవారు. చర్చించకూడదన్న నియమం చెబితే సరేనన్నారు. చర్చించలేదు కూడా. టీవీతోనే మాట్లాడారు.

"టోపీ అలా చంకలో పెడతారుట్రా ఎవరైనా. పంచనామాకి సాక్షులేరీ? ఏడీ, రెండో సాక్షి ఏడీ?" మళ్లీ కాసేపటికి, "వీడు ఎస్సైట. నడక చూడు, పెళ్లికి వెళ్తున్నట్టు."

స్టెనోగారు కళ్లు మూసుకుని వినేవారు. కోర్టులో అబ్బిన అలవాటు. మొహం చూస్తే మాట జారిపోతుందని ఆమె నమ్మకం. మొదటి నాలుగు భాగాలకు పక్కనున్న కాగితాల మీద పొట్టిలిపి గీతలు పేజీలకు పేజీలు పడ్డాయి గాని, ఫారంలో సందేశం అన్న గడిలో ఒక్క ముక్కా పడలేదు. గోదాము తగలబడింది, అందులో ఏం సందేశముంది. కాపలావాడి భార్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఎవరో ఇచ్చిన టీ చల్లారబెట్టుకుంది, అందులో ఏం సందేశముంది. గడి చూస్తే ఖాళీగా వెక్కిరిస్తోంది. ఏదో ఒకటి రాసేద్దామని రెండుసార్లు పెన్ను తీసి, రెండుసార్లూ మూత పెట్టేశారు.

ఫారం కదలక, మూడో రోజు పొద్దున్న ఫిర్యాదుల కట్ట ముందేసుకున్నారు. పోలీసుల సంఘం ఫిర్యాదు రెండు పేజీలు, దాని వెనక సంతకాలు ఆరు పేజీలు. మూడో పేజీలో సగం దాకా వచ్చేసరికి ఆమె వేలు ఆగిపోయింది. చివర తోక తిప్పి, కింద రెండు చుక్కలు పెట్టిన సంతకం. ముప్పై ఎనిమిదేళ్లుగా పిల్లల మార్కుల కార్డుల మీదా, కరెంటు ఆఫీసు కాగితాల మీదా చూస్తున్న సంతకమే.

హెడ్డుగారు వరండాలో దినపత్రిక చదువుతున్నారు. ఆమె కాగితం తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టి, వేలు చూపించారు.

ఆయన చూశారు. పత్రిక మడిచారు. మళ్లీ విప్పారు.

"ఇది ఎప్పుడు పెట్టారు?"

"పోయిన నెల. సంఘం ఆఫీసులో కాగితం తిప్పారు."

"అప్పటికి మీరు నాలుగో సీజన్ ఒక్క ముక్కయినా చూడలేదు."

"చూడలేదు" అని నీళ్లు నమిలారాయన. "పేకాట మధ్యలో ఉన్నాం. సెక్రటరీ వచ్చి, మనల్ని దుమ్మెత్తి పోశారయ్యా, పెట్టండి అన్నాడు. అందరూ పెట్టారు. ఒక చేతిలో ముక్కలున్నాయి, రెండో చేత్తో పెట్టేశాను."

"నేను మండలిలో ఉన్నానని తెలిశాకైనా చెప్పాలి కదండీ."

"మర్చిపోయాను. నిజంగానే. అసలు దాని మొహం చూసి పెడితే కదా గుర్తుండడానికి."

స్టెనోగారికి ఒళ్లు మండింది. అయినా అరవడం ఆమెకు చేతకాదు. ఆ మధ్యాహ్నం టీవీ పెట్టలేదు. మర్నాడు పొద్దున్నే మూడంతస్తులూ ఎక్కి వెళ్లి, కాగితం ప్రిన్సిపాలుగారి ముందుంచి, సంతకం మా ఆయనది, నన్ను తప్పించండి అన్నారు.

ప్రిన్సిపాలుగారు లాయరమ్మను కూడా పిలిపించారు. లాయరమ్మ కాగితం చూసి, ఒక నిమిషం గోళ్లు చూసుకుని, "అయితే నేనూ చెప్పాలి. కార్మికుల సంఘం ఫిర్యాదు టైపు చేసింది మా తమ్ముడే. వాడు అక్కడ ఆఫీసులో పనిచేస్తాడు. చెబుదామనే అనుకుంటున్నాను" అంది.

ప్రిన్సిపాలుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మా అల్లుడు ఆ చానెల్లో వార్తలు చదువుతాడు" అన్నారు మెల్లగా.

ముగ్గురూ కాసేపు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ లేని మనుషులను వెతికి తెచ్చేలోపు అయిదో సీజన్ వచ్చేస్తుందని లాయరమ్మ అంది. ఎవరికి ఎవరు ఏమవుతారో మినిట్స్ పుస్తకంలో వివరంగా రాసి, ముగ్గురూ సంతకాలు చేసి, పని సాగించాలని తేల్చారు.

ఏడో భాగం ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం చూశారు.

ఆ భాగంలో ఇన్‌స్పెక్టరు పాత కాగితాలు తిరగేస్తుండగా, రంగులవాణ్ణి స్టేషనుకు తెచ్చిన రోజు ఏం జరిగిందో మనకు చూపిస్తారు. ఒక గది, రెండు కుర్చీలు. అధికారి చొక్కా చేతులు మడుస్తాడు. తలుపు మూసుకుంటుంది. ఇక కెమెరా లోపలికి వెళ్లదు. బయట వసారాలోనే ఉండిపోతుంది. అక్కడ బల్ల దగ్గర కుర్ర కానిస్టేబులు ఒకడు కూర్చుని ఉంటాడు. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. వాడు రిజిస్టరులో గీతలు కొడుతూ ఉంటాడు. అలా నాలుగు నిమిషాలు. తర్వాత తలుపు తెరుచుకుంటుంది. రంగులవాణ్ణి ఇద్దరు పట్టుకుని తెస్తారు. వాడు కానిస్టేబులు దగ్గర ఆగి, "నా రంగు డబ్బా మూత పెట్టారా అండీ? ఎండిపోతుంది" అని అడుగుతాడు.

"ఇలా ఉండదు" అన్నారు హెడ్డుగారు.

ఆమె కళ్లు తెరిచేసరికి ఆయన కుర్చీలోంచి లేచారు. "ఇలా ఉండదు. అబద్ధం" అని మళ్లీ అని, పెరట్లోకి వెళ్లిపోయారు. భాగం అయిపోయేదాకా తిరిగి రాలేదు. పంపు విప్పిన చప్పుడు, బకెట్ నిండి పొర్లిపోయిన చప్పుడు మాత్రం వినిపించాయి.

ఆయనకు రోషం వచ్చిందనుకున్నారు ఆమె. తన శాఖను అలా చూపిస్తే ఎవరికైనా వస్తుంది. సంతకం పెట్టినందుకు ఇప్పుడు ధీమా కూడా వచ్చి ఉంటుంది. ఆమె టీవీ కట్టేసి, రెండు కప్పుల్లో టీ పోసి, పెరట్లోకి తీసుకెళ్లారు. ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నారు. బకెట్ ఇంకా పొర్లుతూనే ఉంది. ఆమె పంపు కట్టేశారు.

"ఏది ఉండదంటారు? కొట్టడమా?"

"అది కాదు." ఆయన కప్పు అందుకున్నారు గాని తాగలేదు. "అంత నిశ్శబ్దంగా ఉండదు."

ఆమె మెట్టు మీద పక్కనే కూర్చున్నారు.

"నాకప్పుడు ఇరవై మూడు. చేరి నాలుగు నెలలు. పెళ్లి కాలేదింకా. అక్కడ... ఒక బట్టల కొట్టతని ఇంట్లో దొంగతనమైంది. తాళం పగలగొట్టలేదు. తీశారు. తీయడం ఎవరికొచ్చు? బజార్లో తాళాలు బాగుచేసుకునేవాడొకడు ఉండేవాడు. తీసుకొచ్చారు. నన్ను లోపలికి రమ్మనలేదు. అంటే... నన్ను రేడియో దగ్గర కూర్చోమన్నారు. గట్టిగా పెట్టమన్నారు. పెట్టాను."

ఆయన ఆగారు.

"పాటలొచ్చాయి కాసేపు. పాటలున్నంతసేపూ పర్వాలేదు. తర్వాత వార్తలు. వార్తలు చదివే ఆవిడ నెమ్మదిగా చదువుతుంది కదా, మధ్య మధ్యలో ఆగుతుంది. ఆగినప్పుడల్లా... అప్పుడు ఇంకా పెంచాను. అది ఎవరూ చెప్పలేదు నాకు. నేనే పెంచాను."

"తర్వాత?"

"దొంగ ఇంకో ఊళ్లో దొరికాడు, పది రోజులకి. వీణ్ణి వదిలేశారు. కాని తాళాల పని... వేళ్లు ఉండాలి కదా, వేళ్లు బాగుండాలి."

స్టెనోగారి చెయ్యి మోకాలి మీద కదులుతోంది. వేలి కొన చీర మీద చిన్న చిన్న గీతలు గీస్తోంది. ఆయన చూశారు.

"రాసుకోకు."

"రాసుకోవడం లేదు" అని ఆమె ఆ చేతిని రెండో చేత్తో పట్టుకున్నారు.

ఆమె కోర్టులో ఒప్పుకోలు కాగితాలు ఎన్ని టైపు చేశారో లెక్కలేదు. 'ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్వకంగా' అన్న మాటలు ఆమె వేళ్లకు ఎంతగా అలవాటయ్యాయంటే, అవి కొట్టేటప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేవారు. ఆ కాగితాలు వచ్చిన స్టేషన్లలో రేడియోలు ఉండేవేమోనని ఆమెకు ఏనాడూ తోచలేదు.

"ఆ తాళాలాయన పేరేమిటి?" అని అడిగారు చివరికి.

హెడ్డుగారు పేరు చెప్పారు, ఇంటిపేరుతో సహా. తడుముకోలేదు.

మర్నాడు ఆయన బజారుకు వెళ్లినప్పుడు ఆమె ఏడో భాగం మళ్లీ ఒంటరిగా చూశారు. భర్త చెప్పిన సంగతి మనసులో ఉండగా ఆ దృశ్యం మీద తీర్పు చెప్పడం తప్పేమోనని ఆమెకు భయం. కళ్లు మూసుకుని, ఒక్కో చప్పుడూ కాగితం మీద పెట్టుకుంటూ విన్నారు. నాలుగు నిమిషాలకు సగం పేజీ కూడా నిండలేదు. కోర్టులో సాక్షి జవాబు చెప్పకపోతే 'సాక్షి మౌనం' అని రాయడం పద్ధతి. ఆమె ఆ గుర్తునే పదకొండుసార్లు పెట్టారు.

అప్పుడామెకు ఒక సంగతి పట్టుబడింది. కొత్తదేమీ కాదు, రోజూ చేసిన పనే. నేర్పించి తెచ్చిన సాక్షిని ఆమె మొహం చూడకుండానే పట్టేసేవారు. వాడి వాక్యాలు పూర్తిగా ఉంటాయి. కర్త, కర్మ, క్రియ అన్నీ వరసలో నిలబడతాయి. మధ్యలో ఇంటి దగ్గర గేదె ఈనిందనో, ఆ రోజు కొత్త చెప్పులు కరిచాయనో అడ్డుమాట రాదు. చూసినవాడు చెబితే తడబడతాడు, అక్కర్లేనిది చెబుతాడు, ముఖ్యమైన చోట ఆగిపోతాడు. రంగు డబ్బా మూత సంగతి అడుగుతాడు.

మిగిలిన మూడు భాగాలూ ఆ చెవితో విన్నారు. ఎనిమిది, తొమ్మిది బాగానే వెళ్లాయి. పదో భాగం చివర ఇన్‌స్పెక్టరు కోర్టు మెట్ల మీద నిలబడి విలేకరులతో మాట్లాడతాడు. రెండో వాక్యానికే స్టెనోగారు నిటారుగా కూర్చున్నారు. ఎవరో తయారుచేసి పంపిన సాక్షి బోనెక్కాడు. మూడున్నర నిమిషాలు ఎక్కడా ఊపిరి తీసుకోలేదు.

"ఇదేంటి, ఉన్నట్టుండి వీడు మైకు మింగినట్టు మాట్లాడుతున్నాడు" అన్నారు హెడ్డుగారు. ఆమె విననట్టు ఊరుకున్నారు. నియమం అది.

సమావేశం రోజున ప్రిన్సిపాలుగారి ఫారంలో నలభై రెండు వరసలు నిండి ఉన్నాయి. లాయరమ్మ దాంట్లో ముప్పై తొమ్మిది. ప్రిన్సిపాలుగారి లెక్కలో సందేశాలు ఎక్కువ భాగం కార్మికుల వైపు మొగ్గాయి. లాయరమ్మ లెక్కలో పోలీసుల వైపు. పదహారు చోట్ల ఇద్దరూ ఒకే దృశ్యాన్ని రాసి, ఎవరికి అనుకూలమన్న గడిలో మాత్రం ఒకరికొకరు ఎదురు రాశారు.

"మీదేదీ మేడమ్?" అన్నారు ప్రిన్సిపాలుగారు.

స్టెనోగారు ఫారం బల్ల మీద పెట్టారు. అందులో ఒకే ఒక వరస నిండి ఉంది.

"నాకు ఒక్కటే దొరికింది సార్. మీరు ఒప్పుకుంటే రెండు చోట్లు చదివి వినిపిస్తాను."

కోర్టులో జడ్జిగారు అడిగితే వెనకటి వాంగ్మూలం చదివి వినిపించే గొంతుతోనే, ఎత్తూ పల్లం లేకుండా ఆమె చదివారు. మొదట ఏడో భాగంలో వసారా. తలుపు మూత, మౌనం, కాగితం చప్పుడు, మౌనం, మౌనం, రంగు డబ్బా. తర్వాత పదో భాగంలో మెట్లు.

"'మనం హాయిగా నిద్రపోతున్నామంటే ఎక్కడో ఒక కార్మికుడు మేలుకుని ఉన్నాడు కాబట్టి. అతని చెమటకు ఈ వ్యవస్థ ఏనాడూ విలువ ఇవ్వలేదు. కార్మికుడు తలవంచిన రోజు ఈ నగరమే తలవంచినట్టు.' ఇలా ఇంకా ఉంది సార్. ఇప్పుడు ఇందులో కార్మికుడన్న చోట పోలీసు అని పెట్టి చదువుతాను."

చదివారు. ఎక్కడా అతుకు కనబడలేదు. పోలీసు మేలుకున్నాడు, పోలీసు చెమటకు విలువ లేదు, పోలీసు తలవంచితే నగరం తలవంచింది. లాయరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అధ్యాపకుడని పెట్టి చూడండి" అన్నారు ప్రిన్సిపాలుగారు, ఆయనే ఆపుకోలేక.

అదీ కుదిరింది. ముగ్గురూ నవ్వారు.

"ఏ పేరు పెట్టినా నడిచిపోయే మాట ఆ మనిషిది కాదు సార్, ఇంకెవరో రాసిచ్చింది" అన్నారు స్టెనోగారు. "సందేశమంటే నాకు తెలిసినంతలో అదే. ఏడో భాగంలో మాటలు ఇంకెవరికీ అతకవు."

లాయరమ్మ నవ్వు తగ్గించి ముందుకు వంగింది. "ఒక్క మాట మేడమ్. ఉపన్యాసం లేకపోతే సందేశం లేనట్టేనా? చప్పుడు లేకుండా చెప్పిందే లోపల నాటుకుంటుంది."

"నాటుకుంటుందమ్మా. కాదనను. కానీ ఏమనుకోవాలో నాకు చెప్పలేదు. చూడమంది, అంతే."

"ఎక్కడ నిలబడి చూడాలో చెప్పింది కదా. మనల్ని తలుపు బయట నిలబెట్టింది. లోపల ఆ రంగులవాడు ఏమనుకున్నాడో ఎవరికీ పట్టలేదు. ఎనిమిదో భాగం తర్వాత అతను కనబడడు కూడా. కథంతా పోలీసు మనస్సాక్షి గురించే. అతని గురించి కాదు."

స్టెనోగారికి పెరటి మెట్టు కళ్ల ముందుకొచ్చింది. ఆ మధ్యాహ్నం తాను కూడా తలుపు బయటి మనిషి కథే విన్నారు. తాళాల మనిషిది పేరొక్కటే తెలిసింది.

"మీరన్నది నిజమే. అది కూడా నివేదికలో రాయాలి" అన్నారు.

ప్రిన్సిపాలుగారు పెన్ను తిప్పుతూ అడిగారు. "మీవారు ఆ శాఖలో పనిచేశారు కదా మేడమ్. ఆ వసారా దృశ్యం, అలా జరుగుతుందనే అంటారా ఆయన?"

స్టెనోగారు కాగితాలు సర్దుకున్నారు. "అది ఆయన చెప్పాల్సిన మాట సార్. నేను కాదు."

ప్రిన్సిపాలుగారు ఆమె మొహంలోకి చూసి, పెన్నుకు మూత పెట్టారు.

నివేదిక మూడు పేజీలు వచ్చింది. మెట్ల మీది ప్రసంగం కథకు పైనుంచి అతికించిన ప్రచారమని, ఆ మేరకు పోలీసుల సంఘం ఫిర్యాదులో పస ఉందని రాశారు. ఏడో భాగంతో సహా మిగిలినదంతా కథ చెప్పుకునే హక్కులోకే వస్తుందన్నారు. రంగులవాణ్ణి దారిలో వదిలేయడం పెద్ద లోటని లాయరమ్మ విడిగా ఒక పేరా చేర్చింది. స్టెనోగారు దాని కింద కూడా సంతకం చేశారు. అనుకున్నట్టే రెండు సంఘాలూ మండలిని తిట్టిపోశాయి. చానెల్ వాళ్లు ఆ ప్రసంగం తీసేయలేదు, తరువాతి సీజన్లో జాగ్రత్తపడతామని ఉత్తరం రాశారు.

నివేదిక రావడానికి రెండు రోజుల ముందే హెడ్డుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని సంఘం ఆఫీసుకు వెళ్లారు. ఎందుకో భార్యకు చెప్పలేదు. తిరిగొచ్చాక చెప్పారు.

"నా సంతకం కొట్టేయమన్నాను. చూడకుండా పెట్టాను, చూశాక తీసేస్తున్నాను అన్నాను."

"ఏమన్నారు?"

"మీ ఆవిడ చెప్పిందా అన్నాడు సెక్రటరీ. ఆవిడ నాతో ఆ సంగతి మాట్లాడదు, నియమముంది అన్నాను. మరెందుకు అన్నాడు. పదో భాగం ఉపన్యాసం నాకూ నచ్చలేదు, ఏడో భాగం మాత్రం అబద్ధం కాదు అన్నాను."

"రేడియో సంగతి చెప్పారా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "అంత ధైర్యం రాలేదు. అంతవరకే అన్నాను. పేక కలుపుతున్నవాడు కలపడం ఆపేశాడు. వచ్చేశాను."

ఆ తర్వాత మూడు వారాలు ఆ ఇంటి వరండా బోసిపోయింది. వారంలో మూడు మధ్యాహ్నాలు నలుగురు చేరి పేకాడుకునే చోటు అది. దారిలో ఎదురుపడ్డ పాత సహోద్యోగులు సెల్‌ఫోన్లు చూసుకుంటూ వెళ్లిపోయారు. హెడ్డుగారు కుర్చీలు నాలుగూ రోజూ తుడిచేవారు. ఒంటరిగా పేక పరుచుకుని, ఎవరి మీదో గెలిచినట్టు తలాడించేవారు. స్టెనోగారు ఎదురుగా కూర్చుని ఆడదామంటే ఆమెకు రాజుకూ జాకీకీ తేడా తెలియదు. తెలియకపోయినా రెండు మూడు సార్లు కూర్చున్నారు. ఆయన ఓపిగ్గా నేర్పించి, ఓడిపోయి చూపించారు.

నాలుగో వారం గేటు తీసిన చప్పుడైంది. వచ్చింది ఆ నలుగురిలో ఒకడైన పొడుగాయన. పోలీసు జీపు డ్రైవరుగా పనిచేసి రిటైరయిన మనిషి. ద్వారబంధాలకు తల తగలకుండా వంగి నడిచీ నడిచీ, ఆరుబయట కూడా వంగే నడుస్తాడు. ఉత్త చేతులతో, కాస్త సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఆ ఏడో భాగం మీ దగ్గర ఇంకా ఉందా?"

"ఉందన్నయ్యగారూ. మీరు చూడలేదా?"

"ఎక్కడ. నేనూ పేక పట్టుకునే పెట్టాను సంతకం."

హెడ్డుగారు కుర్చీ లోపలికి తెచ్చి టీవీ ముందు వేశారు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి తెర మీద పడుతుంటే స్టెనోగారు తలుపు రెక్క దగ్గరగా వేశారు. ముగ్గురూ చూశారు. చొక్కా చేతులు మడిచిన అధికారి, మూసుకున్న తలుపు, వసారాలో రిజిస్టరు మీద గీతలు కొట్టే కుర్రాడు. పొడుగాయన మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, మామూలు కన్నా ఇంకా వంగి కూర్చున్నాడు. భాగం అయిపోయి పేర్లు పడుతున్నా కదల్లేదు.

"మా స్టేషన్లో, నన్ను జీపు స్టార్టు చేసి ఉంచమనేవాళ్లు" అన్నాడు తెర వైపే చూస్తూ. "ఆక్సిలేటరు మీద కాలు తీయొద్దనేవాళ్లు. డీజిలు దండగ కదండీ అన్నానొకసారి. నవ్వారు."

హెడ్డుగారు టీవీ కట్టేశారు. తన కుర్చీ కూడా లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, "నేను రేడియో దగ్గర ఉండేవాణ్ణి" అన్నారు.

స్టెనోగారు లేచి వంటింట్లోకి వెళ్లి టీకి నీళ్లు పెట్టారు. ముందుగదిలోంచి మాటలు వినిపిస్తున్నాయి. సగంలో ఆగుతూ, మళ్లీ మొదలవుతూ, మధ్యలో ఎవరి ట్రాన్స్‌ఫరు ఎప్పుడయిందో తేల్చుకుంటూ సాగుతున్నాయి. టీ కాగింది. కప్పులు కడిగి ఉన్నా మరోసారి కడిగారు. ఇప్పుడు వెళితే వాళ్లు ఆపేస్తారేమోనని, స్టౌ సన్నం చేసి అక్కడే పీట మీద కూర్చున్నారు.